గుమాస్తా కబుర్లు: తుపాకి కొట్టులో ఫారం

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన సంఘంలో తక్కువేమీ కాదు. వారు కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటి వున్నది. "ఏమండీ, అక్కడ కూరగాయలు కొన్నట్లు తుపాకులు కొంటారట గదా! అడిగే నాథుడే లేడా?" అని. అడిగేవాడూ వున్నాడు, వెతికేవాడూ వున్నాడు. కాని ఆ వెతికేవాడు కూడా మావంటి గుమాస్తాయే. అతని బల్లమీదికి రావలసిన కాగితం రాకపోతే ఏమవుతుందన్నదే యీ నెల ముచ్చట.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, తరువాత తుపాకి. అక్కడి కేంద్రచట్టం కొట్టు పెట్టేవాడినే లైసెన్సు అడుగుతుంది. కొనేవాడు 4473 నంబరు ఫారం నింపి సంతకం చెయ్యాలి. ఏడాదికి మించి జైలు పడదగిన నేరంలో దోషిగా తేలారా? మాదకద్రవ్యాలు వాడుతారా? ఇంట్లోవాళ్ళను కొట్టిన కేసులో శిక్ష పడిందా? వీసామీద వచ్చినవారా? ఇలా వరసగా ప్రశ్నలు. యీ కడపటి ప్రశ్న మన పిల్లలకు సంబంధించినది. ఉద్యోగపు వీసామీద వున్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకి కొనడం మాట అటుంచి దగ్గర పెట్టుకోవడమే నేరం. గ్రీన్ కార్డు వచ్చినవారికి యీ అడ్డు లేదు.

ఫారం నిండగానే కొట్టువాడు ఆ వివరాలు ఎఫ్.బి.ఐ.కి పంపుతాడు. కొన్ని రాష్ట్రాలలో రాష్ట్రపు పోలీసులే చూస్తారు. ఈ పద్ధతి 1993 నాటి బ్రేడీ చట్టం వల్ల వచ్చింది. అధ్యక్షుడు రీగన్ మీద 1981లో కాల్పులు జరిగినప్పుడు తలకు గుండు తగిలి అవిటివాడైన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ పేరది. వెతికే కచేరి పడమటి వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్ అనే వూళ్ళో వున్నది. 1998 నవంబరు 30న యిప్పటి పద్ధతి మొదలయింది. అక్కడ మూడు చిట్టాలు తిరగేస్తారు. నేరచరిత్రల చిట్టా ఒకటి, పోలీసులు వెతుకుతున్నవారిది ఒకటి, తుపాకి అమ్మరాదని వేరుగా వ్రాసుకున్నవారిది ఒకటి. జవాబులూ మూడే: అమ్మవచ్చు, ఆగుము, అమ్మరాదు.

"అమ్మవచ్చు" అన్న మనిషి వివరాలను 24 గంటలలోగా చెరిపివేయాలి. ఎవరి దగ్గర ఏ తుపాకి వున్నదో సర్కారు పట్టిక కట్టకూడదని 1986లోనే చట్టం చేసుకున్నారు. పదేళ్ళ నాటి రసీదు పారవెయ్యాలన్నా చెయ్యిరాని నాబోటివాడికి యిది మింగుడు పడదు. ఫలితమేమిటంటే, ఎక్కడైనా హత్యాస్థలంలో తుపాకి దొరికితే, తయారుచేసిన కంపెనీని అడిగి, టోకు వర్తకుణ్ణి అడిగి, చివరకు కొట్టువాడి దగ్గరి ఫారం తీయించాలి. కొట్టు మూతబడితే దాని కాగితాల పెట్టెలన్నీ మార్టిన్స్‌బర్గ్ అనే వూరికి చేరుతాయి. అక్కడివారు వాటికి ఫోటోలు తీసి దాచుతారు గాని, పేరు కొట్టి వెతికే వీలు వుంచుకోరాదు. పుట పుటా తిప్పి చూడవలసిందే!

ఇక అసలు సంగతి. "ఆగుము" అన్న తరువాత మూడు పనిదినాలలో ఏదీ తేలకపోతే, కొట్టువాడు తుపాకి అమ్మవచ్చునని చట్టం. 2015 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినాలో ఒక కుర్రవాడు పిస్తోలు కొనబోయాడు. మాదకద్రవ్యం దొరికి అంతకుముందే అరెస్టయినవాడు. ఆ అరెస్టు చేసింది కొలంబియా పోలీసులు. రికార్డులో మాత్రం లెక్సింగ్టన్ జిల్లా షెరీఫ్ అని పడింది. క్లార్క్స్‌బర్గ్ గుమాస్తా షెరీఫ్‌ను అడిగితే, మా కేసు కాదు, కొలంబియాను అడగండన్నారు. ఆమె తన దగ్గరి లెక్సింగ్టన్ పట్టిక చూసుకుంది. కొలంబియాలో అధికభాగం పక్క జిల్లాలోనిది గనుక ఆ పేరు అందులో కనబడలేదు. పడమటి కొలంబియా కనబడింది. అక్కడ అడిగితే అటువంటి కేసే లేదన్నారు. ఇంతలో మూడు రోజులూ గడిచాయి, పిస్తోలు చేతులు మారింది. జూన్ 17న చార్లెస్టన్‌లో బైబిలు పఠనానికి చేరిన తొమ్మిదిమందిని అతడు చర్చిలోనే చంపాడు. ఆ కేసు కాగితం ఆమె కంట పడివుంటే అమ్మకం ఆగేదని ఎఫ్.బి.ఐ. అధిపతి కోమీ జూలైలో ఒప్పుకున్నాడు. ఆమె బద్ధకించలేదు, అడగవలసినవారిని అడుగుతూనే వున్నది. తప్పు వరస ఎక్కిన పేరు ముందు ఆమె శ్రద్ధ ఏం చేస్తుంది?

టెక్సాస్ సంగతి యింకొక తీరు. భార్యనూ సవతి కొడుకునూ కొట్టినందుకు 2012లో సైనిక న్యాయస్థానం శిక్షించిన వైమానిక దళంవాడి వివరాలు ఎఫ్.బి.ఐ.కి వెళ్ళనేలేదు. చిట్టాలో లేనివాడు చిట్టాకు నిర్దోషి! అడిగిన ప్రతిసారీ "అమ్మవచ్చు" అన్నది. 2017 నవంబరులో సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో, కడుపులోని శిశువుతో కలిపి 26మంది ప్రాణాలు పోయాయి. 2021లో న్యాయమూర్తి తప్పులో నూటికి అరవై పాళ్ళు వైమానిక దళానిదే అన్నాడు. 2023లో 14 కోట్ల 45 లక్షల డాలర్ల రాజీ కుదిరింది. పంపని కాగితానికి అంత ఖరీదు ఏ ఆడిటరూ వేసివుండడు.

2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలోనూ యిదే కథ. చికిత్స చేయించుకోవాలని కోర్టు ఉత్తర్వైనవాడి పేరు చిట్టాకెక్కలేదు. 32మంది పోయారు. వారిలో మన తమిళనాటి గోబిచెట్టిపాళయం ప్రాంతపు ఆచార్యుడు ఒకరు. కాగితాలు పంపండని 2008లో ఒక చట్టం, మళ్ళీ 2018లో మరొక చట్టం చేశారు.

దీనికి ఎదురు చిక్కు కూడా వున్నది. పేరూ పుట్టిన తేదీ మరొక నేరస్థుడితో కలిస్తే పాపం నిర్దోషికి "ఆగుము" వస్తుంది, ఒక్కొక్కసారి "అమ్మరాదు" కూడా. మన వెంకటేశ్వర్లుల సంఖ్య తెలిసినవారికి యిది వేరే చెప్పనక్కరలేదు. అటువంటివారు వేలిముద్రలతో సహా అప్పీలు పెట్టుకుంటే, అన్నీ సరిచూసి ఒక ప్రత్యేక నంబరు యిస్తారు. తరువాత కొట్టుకు వెళ్ళినప్పుడు ఆ నంబరు వేసేందుకు 4473 ఫారంలోనే ఒక గడి వున్నది. వెతకడం మాత్రం ప్రతిసారీ కొత్తగానే వెతుకుతారు.