చదివిన పుస్తకాలు: నచ్చినవీ, నచ్చనివీ

ఎనిమిది గంటలు కార్యాలయంలో గడిపి ఇల్లు చేరిన మనిషి చేతికి మళ్ళీ కార్యాలయాన్ని గురించిన పుస్తకమే అందించడం ఏమి న్యాయమని, మా సంస్థ ఉద్యోగి సతీమణి ఒకరు ఈ శీర్షికకు లేఖ వ్రాశారు. ప్రశ్న సమంజసమైనదే. అయితే గత రెండు మూడు నెలలుగా మేము చదివిన పుస్తకాలు, మేము ప్రత్యేకంగా ఏరుకోకపోయినా, ఉద్యోగం చుట్టూనే తిరిగాయి. ఒకటి పాల సంఘం నడిపిన ఇంజనీరు ఆత్మకథ, ఒకటి నకలు కాగితం కోసం కచేరీ చుట్టూ తిరిగే మనిషి ఉన్న నవల, ఒకటి ఉద్యోగం పోయిన తండ్రి ఇంటి కథ. ఉద్యోగాన్ని గురించి వ్రాసినవారు ఉద్యోగిని ఏ మేరకు చూశారన్నదే ఈసారి మా కొలబద్ద. ఈ కొలత కొన్ని గొప్ప పుస్తకాలకు కొంత అన్యాయం చేయవచ్చును. అయినా మా అభిప్రాయం ఉన్నదున్నట్లు చెప్పదలచుకొన్నాము.

మొదట వర్గీస్ కురియన్ ఆత్మకథ ‘ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్’. గౌరీ సాల్వీకి ఆయన చెప్పగా 2005లో వెలువడిన ఈ పుస్తకాన్ని మా సంస్థలోని యువ ఇంజనీర్లు తప్పక చదవాలి, కనీసం మొదటి సగమైనా. ప్రభుత్వ విద్యార్థి వేతనంపై అమెరికా వెళ్ళి వచ్చి, ఆ ఒప్పందానికి కట్టుబడి, ఇష్టం లేకుండానే 1949 మే నెలలో గుజరాతులోని ఆనంద్‌లో దిగిన యువకుడాయన. పాలంటే ఆయనకు రుచించదు. క్రైస్తవుడు, మాంసాహారి, పైగా బ్రహ్మచారి అయినందున ఇల్లు అద్దెకు ఇచ్చేవారు లేక ఒక గ్యారేజీలో కాపురం పెట్టాడు. ప్రభుత్వ క్రీమరీలో పని లేక, రాజీనామా ఎప్పుడు ఆమోదిస్తారా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. దూర ప్రాంతానికి బదిలీ అయి, మెస్సు భోజనం తింటూ మొదటి ఆరు నెలలు రోజులు లెక్కపెట్టిన మన సోదర ఉద్యోగులకు ఈ పేజీలు ఎంత దగ్గరగా తోస్తాయో వేరే చెప్పనవసరం లేదు.

ఆ పక్కనే పాత యంత్రాలతో సతమతమవుతున్న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ఉంది. పోల్సన్ డెయిరీ గుత్తాధిపత్యానికి ఎదురు తిరిగి, పదిహేను రోజుల పాటు పాలు పోయడం మానిన రైతులు 1946లో స్థాపించుకొన్న సంఘమది. దాని అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ మాట కాదనలేక, చెడిపోయిన యంత్రం బాగుచేయడానికి వెళ్ళిన కురియన్ జీవితాంతం అక్కడే ఉండిపోయాడు. గేదె పాలనుండి పొడి తయారుకాదని విదేశీ నిపుణులు తేల్చివేసినప్పుడు, మిత్రుడు హెచ్.ఎం. దలాయా దానిని చేసి చూపిన ఘట్టం ఏ నవలకూ తీసిపోదు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి ఒక పల్లెలో రాత్రి గడిపి, అమూల్ విజయరహస్యం రైతుల యాజమాన్యమేనని గ్రహించడం, మరుసటి సంవత్సరం జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ఏర్పడడం, 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలుకావడం, ఇవన్నీ చరిత్రకెక్కిన సంగతులే. అయినా ఆయన నోట వింటే కొత్తగా ఉంటాయి.

ఇక మా అసంతృప్తి. పుస్తకం రెండవ సగంలో ప్రముఖులు వస్తూ పోతూ ఉంటారు, ఆయన వారితో వాదిస్తూ ఉంటాడు, ప్రతి వాదంలోనూ ఆయనే గెలుస్తూ ఉంటాడు. ఢిల్లీ గుమాస్తాలూ కార్యదర్శులూ ఆయన దృష్టిలో అడ్డుగోడలే. ప్రభుత్వ రంగంలో పనిచేసేవారికి ఈ మాటలు కొంత చురుక్కుమంటాయి. కొన్నిచోట్ల చురుక్కుమనవలసిందే కూడా. కాని ఆయన చదువు ప్రభుత్వ ధనంతో సాగిందే గదా! తాను రైతుల ఉద్యోగినని, జీతం వారి వద్దనే తీసుకొన్నానని ఆయన సగర్వంగా చెప్పుకొన్నాడు. ఆ గర్వం ఆయనకు తగినదే. మాకు లోటుగా తోచినది వేరు. ఆ మహాయంత్రాంగమంతా నిలిచింది ఒక చిన్న పనిమీద: ప్రతి పల్లెలోనూ ఉదయం సాయంత్రం పాలు కొలిచి, నమూనా తీసి, వెన్నశాతం చూసి, డబ్బు లెక్కకట్టే సంఘం ఉద్యోగి పనిమీద. ఆ కొలతలో మోసం జరిగిన నాడు అమూల్ లేదు. రోజుకు రెండుసార్లు తప్పులేకుండా ఆ పని చేసిన మనిషి ముఖం మాకు ఈ పుస్తకంలో కనబడలేదు. గేదెను మేపి పాలు పితికిన స్త్రీల ప్రస్తావన లేకపోలేదు. అయినా పుస్తకం మూసిన తరువాత మా మనసులో మిగిలినవన్నీ సభావేదికల మీద కూర్చున్నవారి ముఖాలే.

సహకార సంఘం మాట వచ్చింది గనుక, అదే సహకారం మరొక చోట ఏమైందో చూడదలచినవారు శ్రీలాల్ శుక్ల హిందీ నవల ‘రాగ్ దర్బారీ’ చదవాలి. 1968లో వెలువడి, మరుసటి సంవత్సరమే సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల. శుక్ల ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ సర్వీసులో అధికారిగా ఉంటూనే దీనిని వ్రాశారంటే ఆ ధైర్యానికి నమస్కరించవలసిందే. ఆరోగ్యం బాగుచేసుకొందామని మేనమామ ఊరు శివపాల్‌గంజ్ వచ్చిన రంగనాథ్ అనే చదువుకొన్న యువకుని కళ్ళతో కథ నడుస్తుంది. మేనమామ వైద్యజీ గుప్పిట్లో ఊరి కళాశాల, సహకార సంఘం, పంచాయతీ అన్నీ ఇమిడి ఉంటాయి. సంఘం గోధుమలు లారీలకెత్తి ఉద్యోగి పరారైతే, ఆ నష్టాన్ని ప్రభుత్వమే పూరించాలని సంఘం చేత తీర్మానం చేయించే ఘనుడాయన. ఆనంద్‌లో త్రిభువన్‌దాస్, శివపాల్‌గంజ్‌లో వైద్యజీ! ఇద్దరూ ఖద్దరు ధారులే, ఇద్దరూ సహకార నాయకులే. వెన్నశాతం కొలిచే మనిషి ఎందుకు ముఖ్యుడో ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

ఈ నవల చదివిన ప్రతివారూ లంగడ్‌ను తలచుకొంటారు. కచేరీలో ఒక దస్తావేజు నకలు కావాలి అతనికి. గుమాస్తా ఐదు రూపాయలు అడుగుతాడు, లంగడ్ మామూలు రేటు రెండు రూపాయలేనంటాడు. మాట పెరిగి, లంచం తీసుకోకుండా నిబంధనల ప్రకారమే ఇస్తానని గుమాస్తా, లంచం ఇవ్వకుండా నిబంధనల ప్రకారమే పుచ్చుకొంటానని లంగడ్ ఒట్టు పెట్టుకొంటారు. ఇక చూడండి! దరఖాస్తులో ఒకసారి ఒక లోపం, మరొకసారి మరొక లోపం. అబద్ధమాడింది ఎవరూ లేరు, నిబంధన తప్పింది ఎవరూ లేరు, మనిషి మాత్రం అరిగిపోతాడు. నకలు చివరికి తయారైననాడు అది అతని చేతికి అందదు. మేమూ కౌంటరుకు ఈవల కూర్చునేవారమే. భవిష్యనిధి దరఖాస్తులో ఒక గడి ఖాళీగా ఉందని తిప్పి పంపేటప్పుడు లంగడ్ గుర్తుకు వస్తే, ఆ కాగితం పట్టుకొన్న మనిషిని ఒక్కసారి తలెత్తి చూస్తాము. ఇంతకు మించి ఒక నవల చేయగలిగింది ఏమి ఉన్నది?

అయితే నిష్కర్షగా చెప్పాలంటే, ఈ సుదీర్ఘ వ్యంగ్యం మధ్యలో అలసట కలిగిస్తుంది. అందరూ దుర్మార్గులే అయినప్పుడు నవ్వు చవకబడుతుంది. మరొక లోపం ఇంకా పెద్దది. ఊరు ఊరంతా ఉన్న నవలలో స్త్రీలు ఇంచుమించు లేరు. బేలా అనే అమ్మాయి పేరు చుట్టూ ఎన్నో గుసగుసలు నడుస్తాయి గాని, ఆమె మనకు దాదాపు కనబడనే కనబడదు. దొంగలున్న ఊరిలో వారి ఇండ్లలో వంట చేసినవారెవరు, ఆ సంపాదన గురించి వారేమనుకొన్నారన్నది శుక్ల అడగలేదు.

గీతాంజలి శ్రీ ‘రేత్ సమాధి’ గురించి క్లుప్తంగా. 2018 నాటి ఈ హిందీ నవలకు డెయిజీ రాక్‌వెల్ చేసిన ఆంగ్లానువాదం 2022లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి పొందింది. భర్త పోయిన తరువాత గోడవైపు తిరిగి పడుకొన్న ఎనభై యేళ్ళ వృద్ధురాలు లేచి నిలబడి, సరిహద్దు దాటి పోయే కథ. భాషతో ఆడుకొనే ఆటలు మొదటి రెండువందల పేజీలలో మాకు కొరుకుడు పడలేదు. రెండుసార్లు పక్కన పెట్టి మూడవసారి ముగించాము. పెద్దకొడుకు ప్రభుత్వోద్యోగం నుండి విరమించి బంగళా ఖాళీ చేసే భాగం మాత్రం క్వార్టర్లలో బతికిన ప్రతి కుటుంబమూ చదువుకోదగినది.

మా లేఖకురాలికి మేము ప్రత్యేకించి సూచించేది ఒక చిన్న కన్నడ నవల, వివేక్ శానభాగ్ వ్రాసిన ‘ఘాచర్ ఘోచర్’. 2013లో వెలువడింది. శ్రీనాథ్ పేరూరు ఆంగ్లానువాదం నూరుపేజీల పైచిలుకు; ఒక్క ఆదివారం చాలు. బెంగుళూరులో చిన్న ఇల్లు, బారులు తీరిన చీమలు, తేయాకు కంపెనీలో సేల్స్‌మన్‌గా పనిచేసే తండ్రి. ప్రతి రాత్రీ రోజువారీ లెక్క పైసాతో సహా తేలాలి ఆయనకు. ఒకనాడు లెక్క తేలకపోతే ఇల్లంతా గుండెలు అరచేత పట్టుకొని కూర్చుంటుంది. ఆ భయంలో ఎంత ఐకమత్యమున్నదో! తరువాత కంపెనీ ఆ ఉద్యోగాలను రద్దు చేస్తుంది. చేతికి వచ్చిన మొత్తాన్ని తమ్ముని మసాలా పొడుల వ్యాపారంలో పెడతారు. వ్యాపారం పుంజుకొంటుంది, కుటుంబం పెద్ద ఇంటికి మారుతుంది. అక్కడినుండి ఇంట్లో ఏ ఒక్కరూ పనిచేయవలసిన అవసరం లేదు, ఆ తమ్ముడు తప్ప. అతని వేళలకే వంట, అతని కోపానికే అందరి భయం. అతన్ని వెతుక్కొంటూ వంటకం చేసుకొని గుమ్మం దాకా వచ్చిన స్త్రీని ఇంటి ఆడవారు తరిమికొట్టే దృశ్యం, ఆ సమయంలో నోరెత్తని మగవారు, మమ్మల్ని చాలాకాలం వదలలేదు. కొత్తగా వచ్చిన కోడలు అనిత ఒక్కతే ఇది తప్పని అంటుంది. తరువాత ఆమె ఏమైందో రచయిత బాహాటంగా చెప్పడు. చెప్పకపోవడంలోనే నవల భయమంతా ఉంది.

స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చిన ప్రతిసారీ మన కాలనీలలో జరిగిన చర్చలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఎంత వస్తుంది, బ్యాంకులో వేస్తే ఎంత, బావమరిది వ్యాపారంలో పెడితే ఎంత. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటే ఇంట్లో మాట ఎవరిది అవుతుందో ఆ చర్చలలో ఎవరూ అడగరు. నవలలో తండ్రికి వ్యాపారంలో సగం వాటా ఉంది. ఆయన వీలునామా ఎలా వ్రాస్తాడోనని కన్నకొడుకే లోలోపల భయపడుతుంటాడు. ఇన్ని సంవత్సరాలు పైసా తేడా లేకుండా లెక్క తేల్చిన మనిషిని ఇంట్లోవారు ఇప్పుడు పిచ్చివానిని చూసినట్లు చూస్తారు. మేము చదివిన వాటిలో ఉద్యోగిని అందరికన్నా దగ్గరగా చూసినది, ఉద్యోగం పోయిన ఈ తండ్రిని చిత్రించిన శానభాగేనని మా నిశ్చితాభిప్రాయం. ఒక్క ఫిర్యాదు మాత్రముంది. కథ చెప్పే కొడుకు బలహీనతను రచయిత ఎంత ఓపికగా తవ్వి చూపించాడంటే, అనిత మనసు తెలుసుకొనే అవకాశం మనకు మిగలలేదు.

చివరిది మన ప్రాంతపు మనుషుల కథ. సుజాత గిడ్ల ఆంగ్లంలో వ్రాసిన ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’, 2017లో అమెరికాలో వెలువడింది. కవి శివసాగర్‌గా తెలుగువారెరిగిన కె.జి. సత్యమూర్తి ఆమె మేనమామ. అంటరానితనం, ఆకలి, చదువు, ఉద్యమం, కొండపల్లి సీతారామయ్యతో కలిసి 1980లో పీపుల్స్‌వార్ స్థాపన, ఇదంతా ఆయన కథ. పుస్తకాన్ని గురించి వ్రాసినవారు ఎక్కువగా ఆయన్ను గురించే వ్రాశారు. ఆ రాజకీయాలపై తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. మాకు మిగిలినవారితో ఏకీభావం లేనిది ఒక్క విషయంలో: ఈ పుస్తకానికి ప్రాణం మేనమామ కాదు, తల్లి మంజుల. బెనారస్ దాకా వెళ్ళి ఎం.ఏ. చదివి, లెక్చరరు ఉద్యోగాలలో ఒక ఊరినుండి మరొక ఊరికి తిరుగుతూ, పిల్లలను తల్లివంటి ముసలామె దగ్గర వదలి, తాత్కాలిక నియామకం ఎప్పుడు ముగుస్తుందోనని బెంగపడిన స్త్రీ. ఎంత చదివినా, ఎంత బాగా పాఠం చెప్పినా, స్టాఫ్‌రూములో కులం మరవనివ్వని చూపులు. మేనమామ అధ్యాయాలలో సభలు, చీలికలు, పేర్లు ముసురుకొని వచ్చి, పరిచయం లేని పాఠకుడు దారి తప్పే ప్రమాదముంది. పైగా పార్టీ ఏర్పడిన తరువాతి కాలాన్ని పుస్తకం తొందరగా దాటవేసింది. తల్లి అధ్యాయాలలో అటువంటి తొందర లేదు. జీతం, అద్దె, పిల్లల జ్వరం, బదిలీ, అన్నీ లెక్కపెట్టి చెప్పింది. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన ఈ రచయిత్రి న్యూయార్క్ నగరపు భూగర్భ రైలులో కండక్టరుగా పనిచేస్తూ ఈ పుస్తకం వ్రాశారు. ఆ ఉద్యోగానికి ఇందులో ఇంచుమించు చోటు లేదు. ఎనిమిది గంటల ఆ రైలు డ్యూటీని గురించి ఆమె ఎన్నడైనా వ్రాస్తే, మా లేఖకురాలు క్షమించాలి, దానిని తెప్పించి ఈ శీర్షికలో మొదట పరిచయం చేసేది మేమే.