తమ్ముని కోసం కట్టిన బండి



పోయిన వేసవిలో చిత్తూరు దగ్గరి ఒక పల్లెకు గృహ ప్రార్థన కూడికకు వెళ్లాను. పాటలకంటె ముందు ఇనుము కోసే మిషను చప్పుడు వినిపించింది. ఇంటి వెనుక రేకుల పంచలో ఆ ఇంటి పెద్ద కుమారుడు చెమటలు కారుతుండగా పైపులు కోస్తున్నాడు. గేట్లు, కిటికీలు వెల్డింగు చేసి బ్రతికే మనిషి. పక్కన పాత స్కూటరొకటి, వెనుక భాగమంతా విప్పి, రాళ్లమీద నిలబెట్టి ఉంది.

"తమ్మునికి బండి జేస్తా ఉండానయ్యగారూ, రెండు పక్కలా చక్రాలు పెట్టి" అన్నాడు.

తమ్మునికి నలభై దాటాయి. పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. మన దేశములో పల్స్ పోలియో చుక్కలు మొదలైనది 1995లో. ఇతడు అంతకు ఎన్నో యేండ్లు ముందు పుట్టినవాడు. దేవస్థానము వారు 1985లో తిరుపతిలో స్థాపించిన బర్డ్ ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకొని, కాలిపర్లు తొడుక్కొని, చంకకర్రలతో నడుస్తాడు. మన దేశము పోలియో రహితమని 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది. మంచిదే. కాని ధ్రువపత్రము వచ్చినంత మాత్రాన అంతకుముందే చచ్చుబడిన కాళ్లు లేచి నడవవు గదా.

ఆ తమ్మునికి చిత్తూరులో ఒక బెల్లం మండీలో లెక్కలు రాసే పని దొరికింది. బస్సు మెట్టు ఎక్కలేడు. ఎవరైనా మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకొని పోవాలి. వాళ్లకు వేరే పని పడిన రోజు ఇతని కూలి పోయినట్టే. నాకు మెఫీబోషెతు గుర్తుకు వచ్చాడు. రాజుతో పోవడానికి గాడిదకు గంత కట్టించుకోవాలని చూస్తే పనివాడు మోసము చేసి పోయాడు, ఆ కుంటివాడు ఇంట్లోనే నిలిచిపోయాడు. ప్రయాణము మన చేతిలో లేకపోతే ఎంత కష్టమో కాళ్లున్న మనకు తోచదు.

సరే, బండి సంగతికి వస్తాను. ఇటువంటి బండిలో స్కూటరు వెనుక చక్రము తీసివేయరు. ఇంజను లాగేది దానితోనే. దానికి ఇరువైపులా ఇనుప చట్రము కట్టి రెండు చిన్న చక్రాలు బిగిస్తారు, అవి బండి పడిపోకుండా ఆనుకొని ఉంటాయి. అన్న మొదట వాటిని కదలకుండా గట్టిగా వెల్డు చేశాడు. సందులోకి తీసుకుపోగానే పక్క చక్రాలు రెండూ మిట్టమీద, మధ్య చక్రము గుంటలో! ఇంజను అరుస్తుంది, చక్రము గాలిలో తిరుగుతుంది, బండి మాత్రము అంగుళం కదలదు. తరువాత ఆ చట్రాన్ని మడతబందు మీద కదిలేటట్లు చేసి, పాత మోపెడు స్ప్రింగులు తగిలించాడు. అప్పుడు మధ్య చక్రము నేలను వదలలేదు.

నేనూ ఎక్కి చూశాను. అదే పొరపాటు! ఇరవై యేండ్లుగా రెండు చక్రాల బండి నడిపిన అలవాటు కొద్దీ మలుపులో బండి వంగుతుందనుకున్నాను. పక్క చక్రాలున్న బండి వంగదు. బరువంతా బయటి చక్రము మీదికి పోయి, లోపలి చక్రము లేచింది. నేను కంచెలో పడ్డాను. ముల్లు పీకిన సహోదరి ఇప్పటికీ నవ్వుతుంది. సీటు ఎంత కిందికి ఉంటే, పక్క చక్రాలు ఎంత ఎడంగా ఉంటే అంత నిలకడ. ఎంత చేసినా మలుపులో నిదానమే మందు. మొగిలి ఘాటువంటి దారికి అది తగిన బండి కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. చేసినదంతా అన్న తన ఒడ్డు పొడుగుకు సరిపడా చేశాడు. తమ్మునికి కాలు ఎత్తి అవతలికి వేసుకోవడానికి వీలు లేదు. చంకకర్రలు పెట్టుకోవడానికి చోటు లేదు. కాలి బ్రేకు అలాగే ఉన్నది. అన్నిటికంటె ముఖ్యము, ఇరుకులో చిక్కితే వెనక్కు ఎలా తీయాలి? "దిగి తోసుకో" అన్నాడు అన్న.

"దిగి తొయ్యగలిగితే నాకీ బండెందుకన్నా?" అన్నాడు తమ్ముడు.

అన్న ఆ సాయంత్రమే చట్రము విప్పేశాడు.

లోకములో ఇటువంటి బండ్ల కథలు చాలవరకు ఇలాగే నడిచాయి. 1655లో జర్మనీ దేశపు న్యూరెంబర్గులో స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే నడవలేని గడియారాల పనివాడు, చేతితో పిడి తిప్పితే కదిలే మూడు చక్రాల బండి తనకు తానే చేసుకొన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిశాక ఇంగ్లండులో బర్ట్ గ్రీవ్స్ అనే ఆయన పక్షవాతమున్న తన బంధువు డెర్రీ ప్రెస్టన్ కాబ్ చక్రాల కుర్చీకి ఇంజను బిగించాడు. ఆ ఇద్దరూ కలిసి వికలాంగుల కోసం మూడు చక్రాల బండ్లు చేసే కంపెనీ పెట్టారు. కూర్చునేవాడు చేసేవాని పక్కనే ఉన్నాడు, అందుకే అది కుదిరింది.

రెండవసారి తమ్ముణ్ణి మోడా మీద కూర్చోబెట్టి కొలతలు తీశారు. బ్రేకులన్నీ చేతికి తెచ్చారు. కర్రలకు గొట్టము వెల్డు చేశారు. వెనుక గేరు మాత్రము కుదరలేదు. అందుకని మండీలో ఎదుట ఖాళీ స్థలమున్న వైపే బండి నిలుపుకొంటానని తమ్ముడే తేల్చుకొన్నాడు.

ఒక మాట మాత్రము గట్టిగా చెప్పవలసి వచ్చింది. మన ఇంటి బండే గదా అని మార్చి రోడ్డెక్కించకూడదు. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను కంపెనీ చేసిన తీరును ఇష్టము వచ్చినట్లు మార్చనివ్వదు. అయితే అంగవైకల్యమున్న వారి కోసం బండిని మార్చుకోవడానికి అదే సెక్షనులో దారి ఉన్నది. 2019 సవరణ ఆ సంగతి ఇంకా స్పష్టము చేసింది. రవాణా కార్యాలయములో బండి చూపించి, ఆర్.సి.లో మార్పు రాయించుకొని, బీమా కంపెనీకి తెలిపి, తగిన లైసెన్సు తీసుకోవాలి. కాగితాలు లేకుండా ఎవరి బిడ్డకైనా తగిలితే, ఆ నష్టము ఆ రెండు కుటుంబాల మీదా పడుతుంది. అన్న మొదట సణిగాడు. తరువాత రెండు రోజులు పని మానుకొని తిరిగాడు.

పోయిన ఆదివారము తమ్ముడు తానే నడుపుకొని మందిరానికి వచ్చాడు. పిల్లలు బండి చుట్టూ మూగారు. మన మందిరానికి మూడు మెట్లున్నాయి. వాటి దగ్గర ఆగి, ఎప్పటిలాగే ఎవరైనా చెయ్యి పట్టుకుంటారేమోనని చూశాడు. పెద్దలు ఏటవాలుగా దారి కట్టాలని అనుకుంటున్నారు. సిమెంటు మూటలు ఎవరిస్తారో ఇంకా తేలలేదు.