గృహవస్తు రక్షణము : తాతలనాటి జోడుతుపాకి



అమ్మమ్మ నగను కరగించి క్రొత్త మోస్తరున చేయించిన పిదప, బంగారము మిగులునే కాని పాతపనితనము మిగులదు. పురుషుల వస్తువని మనము తలచెడు జోడుతుపాకి విషయమును ఇట్టిదే. ఇంటి పెద్ద గతించిన తరువాత దానినేమి చేయవలెనను ప్రశ్న పెక్కుమార్లు ఇల్లాలిమీదనే పడును. కావున కొంత తెలిసియుండుట మేలు.

శంషాబాదునకు పైగా ప్రభువుల షంసుల్ ఉమ్రా బిరుదమునుబట్టి పేరు కలిగెనని చెప్పుదురు. 1911లో గతించిన ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను పులివేటకు ప్రసిద్ధుడు. ఆనాటి దొరల వేటలకు ఇంగ్లండునుండి జోడుతుపాకులు వచ్చెడివి. వానిలో పెక్కింటి గొట్టములు ఇనుము, ఉక్కు కమ్ములను పెనవేసి, చుట్టి, సుత్తితో నతికినవి. పైని చీర జరీవలె అలలచాఱలు కన్పట్టును. దీనికి డమాస్కసు పని యని పేరు.

ఇట్టి తుపాకిని “క్రొత్తదానివలె చేసెద” నను పనివాని మాట వినరాదు. ఆకురాయితో రుద్దినచో చాఱలును, చెక్కడమును, చేసినవాని పేరును చెరగును, గొట్టము పలుచనగును. వేడి క్షారద్రవములో ముంచి నల్లరంగు పట్టించినచో, రెండు గొట్టములను కలిపిన మెత్తని టంకము తినివేయబడును. కొస నఱికినచో గుండ్లను గుంపుగా నడపెడు సన్నని భాగము పోవును. లైసెన్సు లేక గొట్టమును పొట్టిచేయుట 1959 ఆయుధచట్టము ననుసరించి నేరము.

అన్నిటికన్న అపాయకరమైనది తోటాగదిని తొలిపించుట. రెండున్నర అంగుళముల తోటాకై చేసిన గదిని రెండుముక్కాలునకు సాగించి, నల్లమసి తుపాకిమందునకు తగిన గొట్టములో నేటి బలమైన తోటాను ప్రేల్చినచో, గొట్టము పగిలి ప్రేల్చువాని చేయి పోవచ్చును. అలంకారమునకని మార్చిన తుపాకిని రేపు కుమారుడు ప్రేల్చడని ఎవరు చెప్పగలరు?

చేయదగినవి స్వల్పము. లైసెన్సుదారుడు మరణించినచో తుపాకిని ఇంటనుంచుకొనక పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగించి రసీదు పొందవలెను. పిదప వారసులు లైసెన్సునకు అర్జీ పెట్టుకొనవచ్చును. తిరిగి వచ్చినచో పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయించిన చాలును. తోలుపెట్టెలో నుంచరాదు, తోలు చెమ్మను పట్టి త్రుప్పు తెచ్చును. విదేశముననున్న బిడ్డకు పంపదలచువారు, 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమునకు దానిని కొనిపోకుందురుగాక! నూఱేండ్లు దాటిన పురావస్తువులను స్వంతముగా ఎగుమతి చేయుట 1972 చట్టముచే నిషిద్ధము.

చెక్కడము చెరిగినచో తిరిగి రాదు. నఱికిన గొట్టము తిరిగి పెరుగదు. కావున పనివానిని పిలుచుటకు ముందు ఇంటివారందఱు ఒక్కసారి ఆలోచింపుడు.