గంపలు అయిదు, బండి ఒక్కటి



పదవీ విరమణ సొమ్మును అయిదు ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో పంచి నిశ్చింతగా ఉన్నాను. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పతనమైంది. నా అయిదూ కలిసే కూలాయి. పేర్లే వేరు, లోపలివి చాలావరకు అవే పెద్ద కంపెనీల వాటాలు. తెలుగు పండితుణ్ణయి ఉండీ పర్యాయపదాలను వేర్వేరు అర్థాలుగా భ్రమించాను!

వైవిధ్యం సంఖ్యలో లేదు, స్వభావంలో ఉంది. సగం పోయిన సొమ్ము పూర్వస్థితికి రావాలంటే 100 శాతం పెరగాలి. మార్కెట్ తర్వాత కోలుకున్న మాట నిజమే. కాని నెలనెలా అందులోంచే తీసుకొని బ్రతికేవాడికి అంత వ్యవధి ఏది? మూడేండ్ల గ్రాసం తపాలా పొదుపులోనో, బ్యాంకు డిపాజిట్టులోనో ఉంచి, మిగిలినదే వాటాల్లో పెట్టడం వివేకమని నా అభిప్రాయం. లాభం కొంత తగ్గవచ్చు, నిద్ర తగ్గదు.

మీరేమంటారు?