సమాన పట్టా, అసమాన వేతనం

అమెరికాలో నల్లజాతి, శ్వేతజాతి కార్మికుల వేతనాల తేడాపై చర్చ జరిగినప్పుడల్లా ఒక ప్రశ్న తలెత్తుతుంది. అందులో చదువు, అనుభవాల పాలెంత? వివక్ష పాలెంత? మన దేశంలో ఇదే ప్రశ్న కులం విషయంలో ఎదురవుతోంది.

పట్టణాల్లో నెలజీతంపై పనిచేసేవారి వేతనాలను జాతీయ నమూనా సర్వే గణాంకాల ఆధారంగా మధేశ్వరన్, పాల్ అట్టెవెల్ 2007లో విశ్లేషించారు. వ్యత్యాసంలో పెద్ద భాగం అర్హతల తేడా వల్లనే ఏర్పడుతోందని గుర్తించారు. అయితే అర్హతలు సమానంగా ఉన్నా, వివక్ష మూలంగా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకు 15 శాతం తక్కువ వేతనం అందుతోందని తేల్చారు. ఒకే పనికి తక్కువ జీతమివ్వడం కన్నా, మంచి కొలువులో ప్రవేశం దక్కకపోవడమే ఇందుకు ముఖ్య కారణమన్నారు.

ప్రవేశం వద్ద ఏం జరుగుతోందో ఢిల్లీ పరిసరాల్లో జరిగిన ఒక ప్రయోగం చూపింది. అభిజిత్ బెనర్జీ, సహ పరిశోధకులు 371 ఉద్యోగాలకు 3,160 కల్పిత దరఖాస్తులు పంపారు. కులాన్ని సూచించే ఇంటిపేర్లను ఎలాంటి క్రమం లేకుండా వాటికి జోడించారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుల వివక్షకు ఆధారం దొరకలేదు. కాల్‌సెంటర్లలో మాత్రం అగ్రవర్ణాల పేర్లతో పోలిస్తే ఇతర వెనుకబడిన వర్గాల పేర్లకు, కొంతమేర ఎస్సీల పేర్లకు, పిలుపులు తగ్గాయి. పట్టా, సాంకేతిక నైపుణ్యం నిర్ణయించే చోట పేరుకు విలువ తగ్గుతుందనీ, మాటతీరు, నడవడి వంటివాటిని ఊహించి ఎంపిక చేసే చోట పెరుగుతుందనీ దీనిని అర్థం చేసుకోవచ్చు.

సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇందుకు దగ్గరగానే ఉంది. ఢిల్లీలోని పెద్ద సంస్థల మానవ వనరుల అధికారులు ప్రతిభే కొలమానమంటూనే, అభ్యర్థి కుటుంబ నేపథ్యానికి ప్రాధాన్యమిస్తున్నట్లు అందులో వెల్లడైంది.

ఇక్కడే అనుభవం అసలు స్వభావం బయటపడుతుంది. తొలి కొలువు ఆలస్యమైనా, చిన్న సంస్థలో దొరికినా, ఆ లోటు ఏటేటా పెరుగుతుంది. పదేళ్ల తరువాత అది గణాంకాల్లో వివక్షగా కాక, అనుభవంలో తేడాగా నమోదవుతుంది. నాడు గుమ్మం వద్ద జరిగిన అన్యాయం నేడు అర్హతల కొరతగా కనిపిస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు రాజ్యాంగం వీలు కల్పించింది. ప్రైవేటు కొలువులకు అవి వర్తించవు. 2019 నాటి వేతనాల కోడ్ లింగ వివక్షను నిషేధించినా, కులం ఊసెత్తలేదు. ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరికి పిలుపు వెళ్లింది, తొలి జీతం ఎంత అన్న వివరాలను సంస్థలు సామాజిక వర్గాలవారీగా నమోదు చేస్తేనే, వ్యత్యాసం ఎక్కడ మొదలవుతోందో తెలుస్తుంది.