భైంసాకి స్కాడా కావాలా?

స్కాడా అన్న మాట మన ఫీల్డులో అందరం విన్నదే. దగ్గర్నించి చూసినవాళ్ళు మాత్రం తక్కువ. పూర్తి పేరు సూపర్వైజరీ కంట్రోల్ అండ్ డేటా ఎక్విజిషన్. పేరులోనే రెండు పనులున్నాయి: దూరాన్నించి చూడటం, దూరాన్నించి స్విచ్చి వెయ్యటం. సబ్‌స్టేషన్లో ఆర్‌టీయూ అనే పెట్టె ఉంటుంది. బ్రేకర్ వేసుందా తీసుందా, వోల్టేజి ఎంత, లోడు ఎంత అన్నది చదివి కంట్రోల్ సెంటరుకి పంపుతుంది. అక్కడాయన మౌస్ నొక్కితే ఇక్కడ బ్రేకర్ కదుల్తుంది. మనం రోజూ చూసే మానిటరింగ్ డాష్‌బోర్డు లాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ తప్పు కమాండు కొడితే రోల్‌బ్యాక్ ఉండదు.

దీన్ని ఏ ఊళ్ళకిచ్చారో చూద్దాం. 2008లో కేంద్రం ఆర్-ఏపీడీఆర్‌పీ పథకం తెచ్చినప్పుడు ఒక గీత గీసింది. 4 లక్షల జనాభా, ఏడాదికి 350 మిలియన్ యూనిట్ల వాడకం ఉన్న ఊళ్ళకే స్కాడా. 2001 జనాభా లెక్కల ప్రకారం వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలన్నిట్లో 4 లక్షలు దాటిన ఊరు వరంగల్ ఒక్కటే. ఈ అయిదు జిల్లాలూ చూసే ఎన్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు ఉన్నదీ అక్కడే, హన్మకొండలో. ఇక పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు ఉన్న భైంసా సంగతి? 2011లో దాని జనాభా 50 వేల దరిదాపు. 2016లో ఆదిలాబాద్ నించి విడిపోయి నిర్మల్ జిల్లాలో కలిసినా, ఆ గీతకి ఆమడ దూరంలోనే ఉంది.

అన్యాయం అని అరవడం తేలికే. కానీ ఆ గీత వెనక ఒక లెక్క ఉంది. నగరంలో ఒక ఫీడరు పోతే పక్క ఫీడరు నించి కరెంటు తిప్పి ఇవ్వచ్చు. అందుకే అక్కడ రిమోట్ స్విచ్చింగుకి విలువ. చిన్న ఊళ్ళలో, పల్లెల్లో 11 కేవీ లైను చాలావరకు చెట్టు కొమ్మలా పోతుంది. మొదట్లో తెగితే చివరిదాకా చీకటే, తిప్పి ఇవ్వడానికి రెండో దారి ఉండదు. కోట్లు పోసి కంట్రోల్ సెంటరు కట్టినా అక్కడ కూర్చున్నాయన చెయ్యగలిగేది పెద్దగా లేదు.

నా అభిప్రాయం ఏంటంటే, భైంసా లాంటి ఊరికి స్కాడాలో 'కంట్రోల్' అంత అర్జెంటు కాదు, 'డేటా' అర్జెంటు. మనవాళ్ళు రెంటినీ ఒకే ప్యాకేజీగా చూసి, మొత్తం కావాలి లేదా అసలొద్దు అంటున్నారు.

ఫీడరు ట్రిప్పయితే ఏం జరుగుతుంది? ఆపరేటరు ఒకసారి మళ్ళీ చార్జ్ చేసి చూస్తాడు. నిలబడకపోతే లైన్‌మన్ బండేసుకుని లైను వెంట పోతాడు. మధ్యలో ఏబీ స్విచ్ తీసి, సగం లైనుకి చార్జ్ చేయించి చూస్తాడు. నిలబడితే తప్పు అవతలి సగంలో ఉన్నట్టు. అచ్చం మన బైనరీ సెర్చే! కాకపోతే ఒక్కో స్టెప్పుకీ వానలో, చీకట్లో, పత్తి చేలల్లో కిలోమీటర్లు తిరగాలి. లైను చీలే చోట్ల ఫాల్ట్ ప్యాసేజ్ ఇండికేటర్లు పెట్టి, ఫాల్టు ఎటు పోయిందో ఫోనుకి మెసేజి వచ్చేలా చేస్తే ఆ తిరుగుడు చాలావరకు తప్పుతుంది. దీనికి కంట్రోల్ సెంటరు అక్కర్లేదు.

2021 జులైలో భైంసా ఆటోనగర్‌ని వరద ముంచెత్తింది. అలాంటి రాత్రి ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఏ ఇళ్ళున్నాయి, దేనికి ఇంకా కరెంటుంది అన్నది స్క్రీను మీద కనపడాలి. పాతకాపు లైన్‌మన్ బుర్రలో ఆ మ్యాపు ఉంటుంది, నిజమే. ఆయన రిటైరైతే?

ఇక అసలు భయం కంట్రోల్ గురించి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. ఆయన దిగి ఎల్‌సీ వెనక్కిచ్చేదాకా ఆ ఫీడరు ఎవరూ వెయ్యకూడదు. మన భాషలో అది మ్యూటెక్స్. పట్టుకున్నవాడే వదలాలి. ఆ లాకు ఇన్నాళ్ళూ ఫోను మాట మీద, లాగ్‌బుక్కు సంతకం మీద నడుస్తూ వచ్చింది. ఫీడరు పేరు ఒకటికి రెండు వినపడితే ఒక ప్రాణం పోతుంది. దానికి తోడు దూరాన్నించి స్విచ్చి వేసే ఇంకో చెయ్యి వచ్చిందనుకోండి, లాకుకి సాఫ్ట్‌వేర్లో గట్టి కాపలా లేకపోతే ప్రమాదం పెరుగుతుందే గానీ తగ్గదు.

స్క్రీనుని నమ్ముకున్న పెద్ద దేశాలకీ దెబ్బలు తగిలాయి. 2003 ఆగస్టు 14న అమెరికాలో, కెనడాలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. దానికి ముందు ఒహాయోలోని కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ ఒక రేస్ కండిషన్ వల్ల ఆగిపోయింది, గంటకి పైగా ఆపరేటర్లకి ఆ సంగతే తెలీదు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్లో హ్యాకర్లు ఆపరేటర్ల స్క్రీన్లలోకే దూరి బ్రేకర్లు తీసేశారు. సుమారు 2.25 లక్షల కనెక్షన్లు పోయాయి. కొద్ది గంటల్లో తిరిగి ఇవ్వగలిగారంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకి పరిగెత్తి చేత్తో వేశారు కాబట్టే. ఆటోమేషన్ పేరు చెప్పి ఆ చేతుల్ని తగ్గించుకోవడం తెలివి అనిపించుకోదు.

కాబట్టి నా వరస ఇది. ముందు ప్రతి 33/11 కేవీ సబ్‌స్టేషన్ నించి ఫీడర్ల స్థితి, లోడు మొబైల్ నెట్‌వర్కు మీద రావాలి. తర్వాత ఇండికేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు. ఆ తర్వాత ఎల్‌సీ సిస్టంలోకి ఎక్కాలి, తీసుకున్న మనిషి తన చేత్తో వదిలితే తప్ప ఏ అధికారి పాస్‌వర్డుకీ బ్రేకర్ పడకూడదు. ఇవన్నీ కుదిరాకే రిమోట్ స్విచ్చి.

హైదరాబాదులో కూర్చుని విదేశీ విద్యుత్ కంపెనీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు మనలో ఉన్నారు. మన దగ్గరికొచ్చేసరికి రిక్వైర్‌మెంట్స్ రాసేటప్పుడు ఏసీ గదిలో ఇంజనీరుతో మాట్లాడి సరిపెట్టుకోకండి. భైంసా పోయి ఒక జేఎల్‌ఎంతో ఒక వానాకాలం రోజు తిరగండి. స్క్రీను మీద ఏం కనపడాలో ఆయన చెప్తాడు.