కుటుంబభక్తియు సత్యమును: ‘దృశ్యం’ చలనచిత్రముపై కొన్ని మాటలు

విద్యార్థులు చలనచిత్రములు చూడవచ్చునా, చూడరాదా యను చర్చకు కాలము మించిపోయినది. గోపన్‌పల్లిలో నేడు టెలివిజను లేని యిల్లు అరుదు. సెల్‌ఫోను లేని యిల్లు అంతకంటె అరుదు. కావున పిల్ల లేమి చూచుచున్నారు, చూచి యేమి నేర్చుకొనుచున్నారు అనునదియే తలిదండ్రులును ఉపాధ్యాయులును వేసికొనదగిన ప్రశ్న. ఈ సంచికలో మేము ‘దృశ్యం’ అను తెలుగు చిత్రమును గూర్చి వ్రాయుటకు కారణ మిదియే. ఆ చిత్రము 2014వ సంవత్సరము జూలై 11వ తేదీన విడుదలయ్యెను. మా విద్యార్థులలో అనేకులు అప్పటికి పసివారు. కొందరు పుట్టనైన లేదు. ఐనను ఆ కథ వారికి కంఠస్థమై యున్నది. అందలి తండ్రి రాంబాబు వారికి ఆదర్శపురుషుడు. తన కుటుంబముకొఱకు దేనికైనను తెగించువాడే తండ్రి యని వారందురు. ఈ మాటలో ఎంత నిజమున్నదో, ఎంత అపాయమున్నదో విచారింపవలసియున్నది.

ఈ కథ మొదట మలయాళమున పుట్టినది. జీతూ జోసెఫు రచించి దర్శకత్వము వహింపగా, మోహన్‌లాల్ నాయకుడుగా నటించిన ఆ చిత్రము 2013 డిసెంబరులో వెలువడెను. తెలుగున శ్రీప్రియ దర్శకురాలు. కన్నడ, తమిళ, హిందీ భాషలలోను, సముద్రములు దాటి సింహళ, చీనా భాషలలోను ఈ కథయే చిత్రములుగా వచ్చెను. ఇన్ని దేశముల ప్రజలను కదలించిన కథలో మనుష్యహృదయమునకు దగ్గరయైన విషయ మేదో యుండితీరవలెను.

కథ నెఱుగనివారికొఱకు సంగ్రహముగా చెప్పెదము. రాంబాబు పల్లెలో కేబులు టెలివిజను నడుపుకొను సామాన్యుడు. పెద్ద చదువు లేనివాడు; కాని రాత్రింబవళ్లు సినిమాలు చూచి, వానినుండియే లోకజ్ఞానమును, చట్టపు మెలకువలను సంపాదించుకొన్నవాడు. భార్య జ్యోతి, కుమార్తెలు అంజు, అను. పెద్దపిల్లయైన అంజు విద్యార్థుల శిబిరమునకు పోయినప్పుడు, వరుణ్ అను యువకుడు ఆమె స్నానము చేయుటను దొంగచాటుగా సెల్‌ఫోనులో చిత్రించి, దానితో బెదరించుచు ఇంటికే వచ్చును. తల్లి కాళ్లావేళ్లా పడినను వాడు వినడు. ఆ పెనుగులాటలో అంజు కొట్టిన దెబ్బకు వాడు ప్రాణము విడుచును. వాని తల్లి గీతాప్రభాకర్ పోలీసుశాఖలో ఐ.జి. రాంబాబు ఆ రాత్రి ఇంట లేడు. సంగతి తెలిసినది మొదలు, ఆ మరణమును మరుగుపఱచి తనవారిని కాపాడుటకే తన బుద్ధినంతయు వెచ్చించును.

పాత్రధారులందఱును తమ పాత్రల కెక్కువ తక్కువలు లేకుండ నటించిరి. 1986లో ‘కలియుగ పాండవులు’తో నాయకుడైన వెంకటేశు ఇందు బాహుబలముతో గెలువడు, దెబ్బలు తిని నిలుచును. అతని కన్నులలోని భయమును, భయమును దాచుకొను ఓర్పును చూచియే మన మతనిని నమ్ముదుము. మలయాళచిత్రమున తల్లిగా నటించిన మీనాయే తెలుగునను ఆ పాత్రను ధరించెను. కృత్తికా జయకుమార్ అంజు. చిన్నపిల్ల అను పాత్రను మలయాళ, తెలుగు, తమిళ చిత్రములు మూటియందును ఎస్తేరు అనిలే ధరించుట విశేషము. కానిస్టేబులు వీరభద్రముగా రవి కాలే మనకు కోపము పుట్టించును, పుట్టింపవలసినదే. నదియా ధరించిన గీతాప్రభాకర్ పాత్ర మిక్కిలి కఠినమైనది. అధికారమును మాతృశోకమును ఒకే ముఖమున చూపవలెను. ఆమె భర్తగా నరేశు సౌమ్యముగా నటించెను.

ప్రేక్షకుని మనస్సు రాంబాబు పక్షమే వహించుటలో ఆశ్చర్యము లేదు. నేరమునకు మొదలు పెట్టినవాడు వరుణ్. వాని తల్లి చేత అధికారమున్నది. రాంబాబు చేత ఏమియు లేదు. స్టేషనులో లంచమునకు అలవాటుపడిన కానిస్టేబు లున్నాడు. ఇట్టిచోట బీదవాడు సత్యము చెప్పిన వినువా రెవరు? తన్ను మాలిన ధర్మము లేదని మన పెద్దలే చెప్పిరి గదా? ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. కాని కుటుంబమును కాపాడుటకు రాంబాబు పన్నిన ఉపాయమేమో, దాని మూల్యమును చెల్లించిన దెవరో చూడవలెను.

అతడు భార్యాబిడ్డలను తోడ్కొని పొరుగూరికి పోవును. అచ్చట బస చేయుదురు, హోటలులో భుజింతురు, సినిమా చూతురు. టిక్కెట్లు, రసీదులు జాగ్రత్త పెట్టును. ఇవన్నియు జరిగినవే, తేదీ యొక్కటి మాత్రము మార్చును. పిమ్మట జరిగిన ప్రయాణము మరణము జరిగిననాడే జరిగినట్లు చూచినవారి చేతనే నమ్మించును. దీనికంటె నేర్పుగల అబద్ధమును మేము ఏ కథలోను ఎఱుగము.

తరువాత అతడు ఇంట పాఠము చెప్పును. పోలీసు లేమడుగుదురో ముందుగా ఊహించి ప్రశ్నలు వేయును, భార్య చేతను పిల్లల చేతను జవాబులు వల్లెవేయించును, తడబడినచోట దిద్దును, జంకినచోట ధైర్యము చెప్పును. బోధనవృత్తిలో నున్న మేము ఆ దృశ్యమును చూచి గుర్తింపక యుండలేము. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన పద్ధతియే యది. రాంబాబు మంచి ఉపాధ్యాయుడు, ఓర్పు గలవాడు, శిష్యులపై ప్రేమ గలవాడు. కాని అతడు చెప్పిన పాఠము అబద్ధము. అతని తరగతిలో చిన్న విద్యార్థిని బాల్యము వీడని పసిపిల్ల.

ఆ పిల్ల యెట్లు పరీక్షింపబడెనో చిత్రము చూచినవారికి జ్ఞప్తి యుండును. పెద్దలను కొట్టుచుండగా నిలిచిన అబద్ధము, దెబ్బ తనమీద పడగానే నిలువలేదు. శవమును పాతిన చోటు తాను చూచినది చూచినట్లు అను చెప్పివేయును. పోలీసులు త్రవ్వుదురు. అచ్చట పశువు కళేబరము బయటపడును. తండ్రి ఏనాడో శవమును వేఱొకచోటికి చేర్చియున్నాడు. ఆ సంగతి ఇంట నెవరికిని చెప్పలేదు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టునది ఇచ్చటనే. మేము ఆగి చూడుమని కోరునదియు ఇచ్చటనే. ఆ కథలో నిజమును నిజముగా చెప్పినది ఆ పసిపిల్ల యొక్కతియే. తండ్రి యుపాయమువలన ఆ నిజమే లోకము నెదుట అబద్ధమయ్యెను. ఇక ఆ పిల్ల యేమి నేర్చుకొనును? నిజము చెప్పుట ఓటమి యనియు, చెప్పినను అది నిలువదనియు నేర్చుకొనును. భార్యాబిడ్డలకొఱకు సమస్తమును చేసిన తండ్రి, వారికి సత్యమును మాత్రము ఈయలేకపోయెను. ఒక్క యింటి కప్పు క్రింద నలుగురున్నను, రహస్యమును మోయునప్పుడు అతడు ఒంటరివాడే.

రెండవ కుటుంబమునుగూడ చూతము. గీతాప్రభాకర్ దుర్మార్గురాలు కాదు. కొడుకు కనబడక తల్లడిల్లు తల్లి. కాని కాకిపిల్ల కాకికి ముద్దు. కొడుకు నడవడి యెట్టిదో కనిపెట్టవలసిన దినములలో కనిపెట్టలేదు. వాడు లేకుండ పోయిన పిమ్మట రాజ్యాంగ మిచ్చిన అధికారమును సొంతపనికి వాడి, పరాయిబిడ్డను కొట్టించినది. ధృతరాష్ట్రుని పుత్రప్రేమ కురువంశము నేమి చేసెనో తెలుగు పిల్ల లెఱుగుదురు. ఇందలి తండ్రియు, ఆ తల్లియు ఒకే ప్రేమకు రెండు రూపములు. ఒకరి చేత బలమున్నది, మఱియొకరి చేత యుక్తి యున్నది. తన వారు బాగున్న చాలునను విషయమున ఇరువురును ఒక్కటే. ఈ ఇరువురి నడుమ చట్టము నలిగిపోయెను.

అట్లైన ప్రతి తండ్రియు హరిశ్చంద్రుడు కావలెనా యని మమ్ము అడుగవచ్చును. సత్యముకొఱకు ఆలుబిడ్డల నమ్ముకొన్న రాజు కథను మన తాతలు రాత్రియంతయు మేల్కొని నాటకముగా చూచిరి. ఆనాటి ప్రేక్షకులు సత్యముకొఱకు కుటుంబమును విడిచినవానికై కన్నీరు కార్చిరి; నేటివారు కుటుంబముకొఱకు సత్యమును విడిచినవానికై చప్పట్లు కొట్టుచున్నారు. మేము ఈ రెండింటిలో దేనిని కోరుమనుట లేదు. ఆలుబిడ్డల నమ్ముకొనకుండనే సత్యము చెప్పగల దారి యున్నదా యనునదే మా ప్రశ్న.

ఉన్నదనియే మా నమ్మకము. అప్పుడు అమలులోనున్న భారత శిక్షాస్మృతి ఆత్మరక్షణహక్కును అంగీకరించినది. మానభంగము చేయవచ్చినవానిని ఎదిరించుటలో ప్రాణము పోయినను ఆ హక్కు వర్తింపవచ్చునని అందు కలదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఆ హక్కు నిలిచియున్నది. స్త్రీలను దొంగచాటుగా చిత్రించుట నేరమని 2013లో చట్టము సవరించిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల రక్షణకై 2012లో పోక్సో చట్టము చేసిరి. ఆ చట్టము ప్రకారము బాధితురాలైన పిల్ల పేరు ప్రకటింపరాదు. వాఙ్మూలమును ఆమె ఇంటియొద్దనే, సాధ్యమైనంతవఱకు స్త్రీ అధికారియే, యూనిఫారము లేకుండ తీసికొనవలెను. పిల్లను రాత్రివేళ స్టేషనులో నుంచరాదు. అంజు వ్యవహారమున న్యాయస్థాన మేమి తీర్పు చెప్పియుండునో మనము చెప్పలేము. కాని ఒక్కటి స్పష్టము. ఆ దెబ్బకు చట్టమున రక్షణ దొరకియుండవచ్చును. శవమును దాచుటకు మాత్రము ఏ రక్షణయు లేదు. నేరము కాకపోవచ్చుననదగిన దానిని మరుగుపఱచుటయే నేరముగా చేసెను.

చట్టము లేకపోలేదు, నమ్మకము లేకపోయెను. ఆ నమ్మకము కలిగించుట ప్రభుత్వముయొక్క పని. చిత్రము విడుదలయైన మూడు మాసములకు, 2014 అక్టోబరు 24వ తేదీన, హైదరాబాదులో స్త్రీల రక్షణకై షీ టీములు ఏర్పడెను. మన ప్రాంతమునకు సంబంధించిన సైబరాబాదు పోలీసుశాఖలోను అట్టి బృందము లున్నవి. ఆపదలోనున్న పిల్లలకు 1098, సైబరు నేరములకు 1930 అను టెలిఫోను సంఖ్యలు గలవు. ప్రతి విద్యార్థియు ఈ రెండు సంఖ్యలను తన యింటి చిరునామావలె జ్ఞాపకముంచుకొనవలెను.

ఐనను సంఖ్యలకంటె ముందుగా తలుపు తట్టవలసినది ఇంటిలోనే. అంజు ఆపదలో నున్న ఆ రాత్రి తండ్రి తన ఆఫీసులో సినిమాలు చూచుచు కూర్చుండెను. తెల్లవారిన పిమ్మట గాని అతనికి వార్త తెలియలేదు. ఈ చిన్న విషయము గోపన్‌పల్లి తలిదండ్రులకు బాగుగా బోధపడవలెను. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయములలో అమెరికా గడియారము ననుసరించి రాత్రులు పనిచేయువా రనేకులు. పిల్లలకొఱకే యా కష్టము, ఎవ్వరును కాదనరు. కాని చేతిలో ఫోనుగల పిల్లకు భయము కలిగినప్పుడు, తిట్టక వినువారు ఇంట నెవరో ముందే నిశ్చయమై యుండవలెను. పరువు పోవునను మాట పిల్లల యెదుట పదే పదే అనుచున్న, వారు తమ కష్టమును మనకు చెప్పరు, బెదరించువానికే లొంగుదురు. వరుణ్ చేతి ఆయుధము సెల్‌ఫోను కాదు, ఆ పరువుభయమే.

రహస్యము గడిచిపోవునని తలచువారికి 2021 నవంబరులో అంతర్జాలమున వెలువడిన ‘దృశ్యం 2’ జవాబు చెప్పుచున్నది. ఆరేండ్లు గడచినను ఆ కుటుంబము పోలీసుబండి చప్పుడునకు వణకును. అంజుకు ఆ రాత్రి వదలని వ్యాధియైనది. చట్టమునుండి తప్పించిన తండ్రి తన బిడ్డను భయమునుండి తప్పింపలేకపోయెను. చీనా దేశపు చిత్రములో ఆ తండ్రి తుదకు తానే పోయి నేర మంగీకరించును. ఏ ముగింపు మేలైనదో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

ప్రియ విద్యార్థులారా! ఈ చిత్రమును చూడవలదని మేము చెప్పము. తండ్రి ప్రేమను చూచి కన్నులు చెమర్చిన తప్పులేదు. కాని అబద్ధము వల్లెవేయుచున్న ఆ చిన్నపిల్ల ముఖమును ఒక్కసారి నిదానముగా చూడుడు. మీకు ఆపద వచ్చినచో మొదటి గంటలోనే తల్లికి గాని, తండ్రికి గాని, మాకు గాని చెప్పుడు. తలిదండ్రులారా! కుటుంబభక్తి యనగా బిడ్డ తప్పును దాచుట కాదు. బిడ్డ నిజము చెప్పినప్పుడు ప్రక్కన నిలిచి, అవసరమైనచో స్టేషనువఱకును చేయిపట్టుకొని నడిచివెళ్లుట. అట్టి ఇంటిలోని పిల్లలకు వల్లెవేయవలసిన జవాబు లుండవు.